పనిమనిషిలో మనిషి

మా వారికి ఆదివారం పొద్దున్న కాఫీతోపాటు ఏదో ఒక వాదన కూడా కావాలి. మొన్న ఆదివారం వాదనకి కారణం మా పనిమనిషి. అంటే, ఆవిడ రాకపోవడం. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. రాత్రి గిన్నెలు సింకులో గుట్టగా పడున్నాయి. లోపలి గదిలోంచి మా అత్తగారు "అమ్మాయ్" అని రెండుసార్లు పిలిచారు. సంక్రాంతికి ముందు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడకి అన్నీ మంచం మీదే. పొద్దున్నా సాయంత్రం ఆ పనులు కూడా పనిమనిషే చూస్తుంది, దానికి జీతం వేరే. ఆవిడ రాని రోజు నేను.

ఆ హడావుడిలో నేనుంటే, మా వారు సెల్‌ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇదిగో, నీ కష్టాలు గట్టెక్కే రోజొచ్చింది, చూడు" అన్నారు.

చూశాను. అల్లిన స్వెట్టర్‌లాంటి బట్ట తొడుక్కున్న నిలువెత్తు బొమ్మ ఒకటి. ముఖం ఉండాల్సిన చోట రెండు నల్లటి కళ్ళు, అంతే. ముక్కూ లేదు, మూతీ లేదు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు అత్తగారింట్లో నడిచినట్టు అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, బట్టలు మడతపెడుతోంది. కాలిఫోర్నియాలో ఒక కంపెనీ 2025 అక్టోబరులో దీన్ని ఇళ్ళకి అమ్ముతామని ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. వెల 20,000 డాలర్లు. మన లెక్కలో 17, 18 లక్షలు. అంతా ఒక్కసారి ఇచ్చుకోలేనివాళ్ళకి నెలకి 499 డాలర్ల పద్ధతి కూడా ఉంది.

"సెలవడగదు. అడ్వాన్సడగదు. పండక్కి చీరడగదు. కూతురి పురుడని చెప్పి ఆరు రోజులు మానెయ్యదు" అన్నారు మా వారు వేళ్ళు మడుస్తూ.

ఆ చివరి మాట దగ్గర నేను తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాను. పోయిన నెలలో ఆవిడ నిజంగానే కూతురి పురుడికి ఆరు రోజులు మానేసింది. నెలకి రెండు రోజులు సెలవని మా ఒప్పందం. మిగతా నాలుగు రోజుల జీతం కోసింది మా వారు కాదండీ, నేనే. లెక్క లెక్కే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుని, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "మనవరాలమ్మా" అని మాత్రం చెప్పి వెళ్ళింది. అప్పటిదాకా పుట్టింది మగపిల్లాడా ఆడపిల్లా అని నేను అడగనే లేదన్నమాట!

ఆ రోజంతా స్వెట్టర్ బొమ్మ నన్ను వదల్లేదు. మిక్సీ కొన్నప్పుడు ఇలా లేదే! గ్రైండరొచ్చి రోలు పెరట్లోకి పోయినప్పుడు కానీ, వాషింగ్ మెషీనొచ్చి బట్టలుతికే ఆవిడ రావడం మానేసినప్పుడు కానీ నేను కూర్చుని ఆలోచించిన పాపాన పోలేదు. దీని దగ్గరే మనసెందుకు తడబడాలి?

మనిషి రూపం ఎందుకు అంటే దాన్ని తయారుచేసేవాళ్ళు చెప్పే కారణం సబబుగానే ఉంది. మన ఇళ్ళన్నీ మనిషి కొలతలకి కట్టుకున్నవి. గడపలు, మెట్లు, తలుపు గడియలు, కుక్కరు పిడి, అటక మీద ఆవకాయ జాడీ, అన్నీ రెండు కాళ్ళూ రెండు చేతులూ ఐదడుగుల ఎత్తూ ఉన్న ప్రాణికి అమిరేవే. ఒక్కో పనికి ఒక్కో యంత్రం చెయ్యడం కంటే మనిషిలాంటి యంత్రాన్ని ఒక్కదాన్ని చేస్తే అన్ని పనులకీ పనికొస్తుంది. ఒకే నమూనాని ఫ్యాక్టరీలో వేలకి వేలు తీస్తే వెల దిగుతుంది. చీరల మిల్లు లెక్కే.

కానీ నాకు పట్టుకున్నది మరో సంగతి. పనిమనిషి అనే మాటలో రెండు ముక్కలున్నాయి చూశారా? పని, మనిషి. మిక్సీని ఎవరూ రుబ్బే మనిషి అనరు. నాకు నిజానికి కావలసింది మొదటి ముక్కే. రెండోది దాంతోపాటు వచ్చింది. కూతురితో, పురుడితో, చీటీ డబ్బుల బాకీతో, నడుం నొప్పితో వచ్చింది. ఆ రెండో ముక్క తీసేసి మొదటి ముక్క ఒక్కటే ఇస్తానంటున్నాడు కంపెనీవాడు. ఆ మాట వినగానే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా మనసు గంతేసింది. తర్వాత నన్ను సిగ్గుపెట్టింది ఆ గంతే.

రాత్రి మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసినప్పుడు చెబితే, "అసలు రోబో అనే మాటకి అర్థం తెలుసా అమ్మా?" అన్నాడు. తెలీదన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. కారెల్ చాపెక్ అని చెక్ రచయిత 1920లో 'ఆర్.యూ.ఆర్.' అనే నాటకం రాశాడు. 1921 జనవరిలో ప్రాగ్‌లోని జాతీయ నాటకశాలలో ఆడారు. మనుషుల్లాంటి పనివాళ్ళని ఫ్యాక్టరీలో తయారుచేసి లోకమంతా అమ్ముకునే కథ. వాళ్ళకేం పేరు పెట్టాలో తోచక, చిత్రకారుడైన అన్నగారు జోసెఫ్‌ని అడిగితే ఆయన రోబో అనమన్నాడట. చెక్ భాషలో 'రొబొత' అంటే జమీందారు పొలంలో రైతులు కట్టుబడి చెయ్యాల్సిన చాకిరీ. అచ్చంగా మన వెట్టి! తెలంగాణా పల్లెల్లో దొరల గడీల్లో తరాల తరబడి సాగిన ఆ వెట్టే. ఆస్ట్రియా సామ్రాజ్యంలో రొబొతని 1848లో రద్దు చేశారు. మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఎన్ని ఉద్యమాలు చేసి, ఎన్ని చట్టాలు చేసి వదిలించుకున్న మాటో అది. ఇప్పుడదే మాటని మోజుపడి, వాయిదాల మీద కొనుక్కోబోతున్నాం.

"ఇనుముకి వెట్టి ఏమిటే, నీ చాదస్తం కాకపోతే! దానికి నడుం నొప్పి పుడుతుందా?" అన్నారు మా వారు. నిజమే. ఆ మాట కాదనలేను. ఆ బొమ్మ మీద నాకేం జాలి లేదు. జాలిపడి ఏడ్చేంత వెర్రిదాన్నీ కాదు. అన్నట్టు ఆ నాటకంలో చివరికి రోబోలు తిరగబడి మనుషులందర్నీ చంపేసి ఒక్క ముసలాయన్ని వదిలేస్తాయి. ఆ ఒక్కణ్ణీ ఎందుకు వదిలాయయ్యా అంటే, ఆయన కూడా తమలాగే చేతులతో పనిచేస్తాడని! ఆ లెక్కన మా ఇంట్లో ప్రాణాలతో మిగిలేదెవరో నేను చెప్పక్కర్లేదు.

సరే, ఇవి నిజంగా వస్తాయా? మా వారు రెండేళ్ళలో ఇంటింటికీ అంటారు. ఆయన టీవీలో ఏం చూస్తే అది రెండేళ్ళలో వస్తుంది. జపానులో వసేదా విశ్వవిద్యాలయంవాళ్ళు నిలువెత్తు మరమనిషిని 1973లోనే నడిపించారు. హోండావాళ్ళ అసిమో 2000లో వచ్చింది, మెట్లెక్కింది, నాట్యం చేసింది, 2022లో రిటైరైంది. ఒక్క ఇంట్లోనూ ఒక్క గిన్నె తోమలేదు. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో 21 రోబోలని మనుషుల పక్కన 21 కిలోమీటర్లు పరుగెత్తించారు. గమ్యం చేరినవి 6. మొదటొచ్చిన దానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది, మధ్యలో మూడుసార్లు బ్యాటరీలు మార్చారు. ఆ ఫోటోలు చూస్తే నాకు నవ్వాగలేదు. ఒక్కో రోబో పక్కన దాని మనుషులు, సైకిలు నేర్చుకునే పిల్లాడి వెనక తండ్రిలా ఆయాసపడుతూ పరుగు!

అలా అని తీసిపారెయ్యడానికీ లేదు. షాంఘైలో ఒక కంపెనీ 2025 డిసెంబరు నాటికి 5,000 రోబోలు తయారుచేశామని ప్రకటించింది. మరో చైనా కంపెనీ అదే సంవత్సరం 39,900 యువాన్లకి, అంటే సుమారు 5 లక్షలకి, చిన్నసైజు మరమనిషిని అమ్మకానికి పెట్టింది. అది పిల్లిమొగ్గలు వేస్తుంది, పనిమనిషి పని మాత్రం దానివల్ల కాదు.

ఇందులో నాకు మహా సంతోషం కలిగించిన సంగతొకటుంది. 1997లో కంప్యూటరు చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ని ఓడించింది. అంత తెలివి యంత్రానికి అబ్బిన పదమూడేళ్ళ తర్వాత, 2010లో, బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఒక రోబో తువ్వాలు మడతపెట్టడం నేర్చుకుంది. ఒక్క తువ్వాలుకి ఎంతసేపు పట్టిందనుకున్నారు? సగటున 25 నిమిషాలు! హాన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు 1988లోనే చెప్పాడు, పెద్దవాళ్ళు బుర్ర చించుకునే ఆటలు యంత్రానికి నేర్పడం తేలిక, ఏడాది పిల్ల చూసే చూపూ కదిలే కదలికా నేర్పడం మహా కష్టం అని. తడి గిన్నె జారకుండా పట్టుకోవడం, పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టడం, అరిటాకు చిరక్కుండా కడగడం, ఇవన్నీ తెలివితక్కువ పనులని ఇన్నాళ్ళూ మనకి చెప్పినవాళ్ళు ఆ తువ్వాలు సంగతి చదవాలి. మా వారికి చదివి వినిపించాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

కాస్సేపు గర్వంగానే ఉంది. తర్వాత గుర్తొచ్చింది, ఆ తువ్వాళ్ళు మా ఇంట్లో మడతపెట్టేది నేను కాదు. అంత గొప్ప విద్యకి నేనిచ్చేది నెలకి ఇంత అని, అందులోంచి నాలుగు రోజులు కోత.

సాయంత్రం అత్తగారికి పక్క మారుస్తూ, మాటవరసకి అడిగాను. "అత్తయ్యగారూ, ఇలాంటి పనులన్నీ చేసిపెట్టే మరమనిషి వస్తోందట. మీకైతే ఎలా ఉంటుంది?" ఛీ, ఇనప చేతులు నన్ను ముట్టుకోవడమేమిటి అంటారనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వస్తే తెప్పించమను వాణ్ణి" అన్నారు.

"అదేమిటండీ, మనిషి చెయ్యి వేరు కదా!"

"చెయ్యి సంగతి సరే. ఆ చేతి వెనకాల మొహం ఉంటుందే, దాంతోనే చిక్కు. నువ్వు మొహం అటు తిప్పుకుని చేస్తావు. ఆవిడ మొహం చిట్లించకుండా ఉండాలని అవస్థపడుతూ చేస్తుంది. మీ ఇద్దర్నీ చూడలేక నేను మధ్యాహ్నం పూట నీళ్ళు తాగడం మానేశాను. యంత్రానికైతే నేనెంత, ఆ బకెట్టెంత? సిగ్గుపడక్కర్లేదు."

మనిషి స్పర్శ ఎంత గొప్పదో ఒక వ్యాసం రాద్దామని అప్పటికే మనసులో రెండు పేరాలు కట్టుకున్న నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ నేను చేసిన సేవ ఆవిడ గొంతు ఎండబెట్టిందన్నమాట. నా ప్రేమలో లోపం ఉందని కాదు. మంచం పట్టిన మనిషికి ఎదుటివాళ్ళ ప్రేమ కూడా బరువే. ఆ బరువు లేని చెయ్యి కావాలని ఆవిడ అడగడంలో తప్పేముంది? వయసు మీదపడ్డవాళ్ళు రోజుకింతమంది పెరిగిపోతుంటే, పిల్లలు ఊళ్ళు పట్టి, దేశాలు పట్టి పోతుంటే, ఆ చెయ్యి వద్దనడానికి నేనెవర్ని? మనిషికి మనిషే ఉండాలని ఘనంగా చెప్పేవాళ్ళలో బకెట్టు ఎత్తినవాళ్ళు ఎందరో!

ఆవిడ మాటతో నేను దాదాపు ఒప్పేసుకున్నాను. కానీ ఆ స్వెట్టర్ బొమ్మ గురించి ఇంకాస్త చదివేసరికి కథ అడ్డం తిరిగింది. దానికి తెలియని పని వచ్చినప్పుడు, దూరాన ఎక్కడో కంపెనీ మనిషి ఒకరు కళ్ళకి అద్దాలు తగిలించుకుని దాని కళ్ళతో మన ఇల్లు చూస్తూ, దాని చేతులు తాను ఆడించి పని చేయిస్తారట. ఇది రహస్యమేమీ కాదు, కంపెనీవాళ్ళే చెప్పారు. ఏ వేళకి రావాలో యజమాని చెప్పవచ్చు, ఇంట్లోవాళ్ళు మసగ్గా కనబడేలా ఏర్పాటు చేసుకోవచ్చు అని కూడా చెప్పారు. ఒక అమెరికన్ పత్రికా విలేఖరి దాన్ని పరీక్షిస్తే, ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తేవడానికి నిమిషం పైన, గిన్నెలు కడిగే మెషీన్లో మూడు వస్తువులు పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. అదీ కనబడని మనిషి నడిపిస్తేనే.

ఇలాంటి కళ్ళు ఏం చేస్తాయో ఇదివరకే ఒకసారి బయటపడింది. నేల ఊడ్చే చిన్న రోబోలని 2020లో పరీక్ష కోసం కొందరి ఇళ్ళకిచ్చారు, వాళ్ళు ఒప్పుకునే తీసుకున్నారు. అవి తీసిన ఫోటోల్లో ఏది కుర్చీ, ఏది గోడ అని గుర్తులు పెట్టే పని ఎక్కడెక్కడో ఉన్న కూలీలకి చేరింది. వెనిజులాలో కొందరు ఆ ఫోటోలు తమలో తాము పంచుకున్నారు. వాటిలో ఒకటి బాత్‌రూమ్‌లో టాయిలెట్ మీద కూర్చున్న స్త్రీది. ఇది 2022 డిసెంబరులో లోకానికి తెలిసింది.

ఈ సంగతి అత్తగారికి చెప్పాను, చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ పైకప్పు కేసి చూస్తూ, "అయితే సిగ్గు ఎక్కడికీ పోదన్నమాట. ఎవరి ముందు పడాలో తెలియకుండా పోతుందంతే" అన్నారు.

అక్కడ నాకు తెలిసొచ్చింది. రెండో ముక్క తీసేస్తానన్నాడే కంపెనీవాడు, తియ్యలేదు. మనిషిని వెనక్కి నెట్టి తలుపేశాడు. పోనీ, ముందు ముందు ఆ దూరపు మనిషి కూడా అక్కర్లేకుండా యంత్రమే నేర్చుకుంటుందంటారు. నేర్చుకోవచ్చు. కానీ ఎవరి దగ్గర? తమిళనాడులో కరూరు ఉంది కదా, దుప్పట్లకీ తువ్వాళ్ళకీ పేరున్న ఊరు. అక్కడ కొందరు యువకులు నుదుటికి కెమెరా కట్టుకుని తువ్వాళ్ళు మడుస్తున్నారని 2025లో పేపర్లో వచ్చింది. మడవడం, పక్కన పెట్టడం, మళ్ళీ మడవడం, రోజంతా అదే. చెప్పిన వరసలో చెయ్యి కదలకపోతే ఆ వీడియో చెల్లదు. అవన్నీ సముద్రాలు దాటి రోబోలకి పాఠాలవుతాయి.

నేను నాలుగు రోజుల జీతం కోస్తే, మా పనిమనిషి కనీసం గుమ్మంలో నిలబడి నా మొహం చూసి "మనవరాలమ్మా" అనగలిగింది. ఆ ఒక్క మాటతో నెల్రోజులుగా నాకు అన్నం సరిగ్గా దిగడం లేదు. కరూరులో తువ్వాలు మడిచిన అబ్బాయి ఎవరి గుమ్మంలో నిలబడాలి? అతని చేతి పనితనం ఇంట్లో తిరుగుతూ ఉంటుంది, అతని చెల్లెలి పెళ్ళి కానీ, తల్లి జబ్బు కానీ ఆ ఇంటివాళ్ళ చెవిన పడదు. బాకీ మాత్రం ఉంటుంది. ఎవరికి బాకీనో తెలియకపోతే తీరిపోయినట్టే అనుకోవడం మనకి బాగా అలవాటు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వడ్లు దంపడానికొచ్చే ఆడవాళ్ళు ఉండేవారట. మిల్లు వచ్చింది. వాళ్ళేమయ్యారని మా అమ్మమ్మని అడిగితే, "ఏమో నే, రావడం మానేశారు" అంది. రావడం మానేసింది వాళ్ళేనన్నట్టు!

అలాగని రోకళ్ళే నయం అని కూడా నేననలేను. మా పనిమనిషి చిన్నకూతురు డిగ్రీ చదువుతోంది. ఎప్పుడైనా పరీక్షలయ్యాక తోడు తీసుకురమ్మంటే, "దాని చెయ్యి అంట్లలో పెట్టనివ్వనమ్మా" అంటుంది. ఆ పిల్ల తరానికి పనిమనుషులు దొరకరు, దొరక్కూడదు కూడా. అప్పుడు ఏదో ఒక యంత్రం రావాల్సిందే. నా బాధల్లా, అది వచ్చినప్పుడు నేను మరింత తేలిగ్గా మరచిపోవడం నేర్చుకుంటానేమోనని. మనిషి ఆకారంలో ఉండి, తిట్టినా పడే దానిమీద పదేళ్ళు అరిచాక, నా నోరు మనుషుల దగ్గర మళ్ళీ మామూలుగా పలుకుతుందా?

సోమవారం పనిమనిషి వచ్చింది. చంటిదానికి జ్వరమట, ఆస్పత్రి చుట్టూ తిరిగిందట. నేను ఏమీ అనకుండా సెల్‌ఫోన్లో ఆ బొమ్మని చూపించాను. సబ్బు చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ ముందుకి చాచి చాలాసేపు చూసింది.

"అంచులు కలవలేదమ్మా" అంది నవ్వుతూ.

కరూరు సంగతి కూడా చెప్పాను. నవ్వు తగ్గింది. "ఓ మనిషి నేర్పితే ఎన్ని బొమ్మలకి వచ్చేస్తదంట?"

"అన్నిటికీ" అన్నాను.

"మరి డబ్బులు? అన్నిటికీ లెక్కేసి ఇస్తారా, ఆ ఒక్క రోజుకేనా?"

రోజుకే అన్నాను. ఆవిడ "ఊఁ" అని సింకు వైపు తిరిగింది. అప్పుడు నేను అత్తగారు నీళ్ళు మానేసిన సంగతి చెప్పాను. వెంటనే కొళాయి కట్టేసి, చేతులు చీరకి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. "ఏంటండీ మామ్మగారూ, మొహం చూసి నీళ్ళు మానేస్తారా? నా మొహం పుట్టినకాడినుంచీ ఇంతే" అని గట్టిగా వినబడింది. అత్తగారు ఏమన్నారో వినబడలేదు. గ్లాసు చప్పుడైంది.

నేను పోపుల డబ్బా వెనకనుంచి నాలుగు రోజుల డబ్బు తీసి చేతిలో పట్టుకుని, ఆవిడ బయటికొస్తుందని వంటింట్లోనే నిలబడ్డాను.